వదిన మాట్లాడడం మానేశారు, పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి ఈ ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఆమె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, వయసు 48 ఏళ్ళు. పుట్టిల్లూ అత్తవారిల్లూ ఒకే ఊళ్ళో. చాలా కాలంగా పిల్లల కోసం కథలు రాస్తున్నారు. ఇప్పటికి వచ్చిన మూడు పుస్తకాలూ చిన్నపిల్లలు బొమ్మలు చూస్తూ చదువుకునేవి. నాలుగోది మాత్రం పది పన్నెండేళ్ళ పిల్లల కోసం రాసిన చిన్న నవల. లంకలో పెరిగిన ఒక పిల్లవాడు వరద రోజుల్లో పొద్దున్నే రేవు మెట్ల మీద సుద్దముక్కతో నీటిమట్టం గుర్తు పెడుతుంటాడు. ఎర్రనీరు పోటెత్తిన ఒక రోజు ఆ మెట్ల మీదే కాలు జారి ఏట్లో కొట్టుకుపోతాడు. అతని స్నేహితులు ఆ తర్వాతి సంవత్సరాన్ని ఎలా దాటారన్నది మిగిలిన సగం కథ.

ఆ పిల్లవాడు కల్పితం కాదు. పాఠకురాలి అన్నగారి కొడుకు ఐదో తరగతి చదువుతుండగా, ఎనిమిదేళ్ళ క్రితం, ఇలాగే పోయాడు. ఆ రోజు ఏరు దాటించే పంటు ఆపేశారని, రేవులో ఒక్క పడవ కూడా లేదని ఆమె రాశారు. కథలో పిల్లవాడి పేరు, ఊరి పేరు మార్చారు. అయితే బొమ్మలు వేసే చిత్రకారునికి, రేవు మెట్ల మీద కూర్చునే తీరు తెలియాలని, మేనల్లుడి ఫొటో ఒకటి పంపారు. నమూనాగా వచ్చిన బొమ్మలను అన్నగారి కూతురు, అంటే పోయిన పిల్లవాడి చెల్లెలు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న అమ్మాయి, అత్త ఫోనులో చూసి తల్లికి చూపించింది. వదిన గారు ఆ ఫోను పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆడపడుచు ఇంటి గడప తొక్కలేదు, అట్లతద్దికి పిలిచినా రాలేదు. భర్తతో మాత్రం ఒక మాట అన్నారట: "నా కొడుకు మీ చెల్లెలికి కథైపోయాడా?" అన్నగారు ఎవరికీ ఏమీ చెప్పలేక ఊరుకున్నారు.

ఇంతలో ప్రచురణకర్త నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లల పుస్తకంలో పిల్లవాడు చనిపోతే బడులు కొనవని, తల్లిదండ్రులు కొననివ్వరని, అందువల్ల పడవ సరంగు చేత రక్షింపజేయాలని, లేదా పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో పిల్లలకు బోధపడేలా ముగించాలని ఆయన కోరారు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం రావాలంటే ఈ నెలాఖరుకు జవాబు కావాలన్నారు. 15,000 రూపాయలు ముందుగా ఇచ్చారు. రెండు పేజీల ఒప్పందం పంపారు, పాఠకురాలు ఇంకా సంతకం చేయలేదు. ముగింపు మార్చేస్తే ప్రచురణకర్త సంతోషిస్తారు, బతికి బయటపడిన పిల్లవాడిని చూసి వదినకూ ఊరట కలుగుతుందేమో అన్న ఆలోచన ఆమెకు వచ్చింది. "మార్చనా, మానెయ్యనా, ఉన్నదున్నట్టు వేయించనా? అసలీ కథ రాసే హక్కు నాకుందా?" అని అడుగుతూ, పిల్లవాడు పోయిన ఘట్టాన్నీ చివరి అధ్యాయాన్నీ ఉత్తరానికి జతచేశారు.

సమాధానం:

మీరు పంపిన పేజీలు ముందు చదివి, ఆ తర్వాత ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను. మధ్యాహ్న భోజనం వరుసలో పోయిన స్నేహితుడి కంచం కూడా తెచ్చి పెట్టుకున్న పిల్లలు, వంట ఆయమ్మ దాన్ని తీయబోతే "ఈ ఒక్కరోజుకీ ఉంచండి" అని బతిమాలుకుని, మర్నాడు మళ్ళీ అదే మాట అన్న ఘట్టం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఆ ఘట్టం రాసిన మనిషికి పిల్లలు తెలుసు. కాబట్టి పుస్తకం బాగుందో లేదోనన్న బెంగ పెట్టుకోకండి, మీ చిక్కు అక్కడ లేదు.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ప్రచురణకర్త మాట్లాడుతున్నది చదవబోయే పిల్లల గురించి, వదిన గారు మాట్లాడుతున్నది తన కొడుకు గురించి. రెండింటికీ ఒకే జవాబు దొరికితే బాగుండునని మీరు ఆశపడ్డారు, ముగింపు మార్చడంలో అది దొరికిందనుకున్నారు. ఉత్తరం మొత్తంలో నాకు భయం కలిగించినది ఆ ఆలోచనే. ఆ రోజు రేవులో పడవ లేదన్న సంగతి వదిన గారికి మీకంటే బాగా తెలుసు. ఒక్క పడవ ఉండి ఉంటే ఎలా ఉండేదో అన్నది ఆమె ఈ ఎనిమిదేళ్ళలో తలచుకోని రోజు ఉండి ఉండదు. తన కొడుకు ముఖమే ఉన్న పిల్లవాడిని సరంగు వచ్చి జబ్బ పట్టుకుని పైకి లాగుతున్న బొమ్మ ఆమె ముందు పెడితే, తనకు జరగనిది ఇంకొకరి పుస్తకంలో ఇంత సులువుగా జరిగిపోయిందన్న బాధ తప్ప ఆమెకు మిగిలేది ఏమీ ఉండదు. అది పుస్తకాలు అమ్ముడుపోవడం కోసం చేసిన మార్పని తెలిస్తే ఆ బాధకు అవమానం కూడా తోడవుతుంది. ప్రచురణకర్త కోరిక తీర్చాలో వద్దో అది వేరే సంగతి; వదిన గారి కోసం చేస్తున్నానని అనుకుని మాత్రం ఆ మార్పు చేయకండి.

ఫొటో విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. ఆ పని చేయకుండా ఉండాల్సింది. కూర్చునే తీరు చూపించడానికి ఊళ్ళో ఏ పిల్లవాడిని కూర్చోబెట్టినా సరిపోయేది. కథ రాసినప్పుడు మీరు వాడాల్సి వచ్చినది మీ జ్ఞాపకం. ఫొటో పంపినప్పుడు వాడినది ఆ పిల్లవాడి రూపం, దాని మీద మొదట అడగవలసినది తల్లిదండ్రులను. పైగా వదిన గారు ఆ బొమ్మ సంగతి మీ నోటి ద్వారా వినలేదు, అనుకోకుండా ఫోనులో చూశారు. ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్క పని మాత్రం ముందు చేయండి: చిత్రకారునికి ఇప్పుడే రాసి, ఆ ఫొటో తొలగించమని, దాని ఆధారంగా వేసిన బొమ్మలు వాడవద్దని కోరండి. మళ్ళీ గీసినందుకు ఆయనకు అదనంగా ఇవ్వవలసి వస్తే ఆ ఖర్చు మీరు భరించండి. ఆయన తప్పేమీ లేదు.

పేరు మార్చానన్నారు. తల్లి గుర్తుపట్టేది పేరుతో కాదు. సుద్దముక్క పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చునే పిల్లవాడు మీ లంకలో ఎవరో ఊరందరికీ తెలుసు, మీ బడిలో అప్పుడు చదివి ఇప్పుడు డిగ్రీకి వచ్చిన వాళ్ళకూ తెలుసు. పుస్తకం అచ్చయితే మొదటి ప్రతులు చేరేది మీ బడికీ, చుట్టుపక్కల బడులకే. ఎక్కడో దూరాన చదివే పాఠకుడికి ఆ పిల్లవాడు కల్పిత పాత్ర కావచ్చు. మీ ఊళ్ళో ఒక్కరికీ కాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది మీకు కష్టంగా ఉంటుంది, అయినా చెప్పకపోతే ఈ సమాధానానికి అర్థం లేదు. ఫొటో సంగతి రాస్తూ మధ్యలో కుండలీకరణాల్లో మీరు ఒక వాక్యం పెట్టారు: "ముందు రాత్రి వాడు మా ఇంట్లోనే పడుకున్నాడు, సుద్దముక్క కూడా నా సంచీలోదే." అంతే, మళ్ళీ వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. మీరు జతచేసిన పేజీల్లో ఆ పొద్దుట పిల్లవాడు బయలుదేరేది అత్త ఇంటి నుంచి కాదు, తన ఇంటి నుంచి. అక్కడ వాక్యం ఇలా ఉంది: "అమ్మ వద్దంటున్నా వినకుండా వాడు సుద్దముక్క తీసుకుని రేవు వైపు పరుగెత్తాడు." జరిగినదాంట్లో ఆ అమ్మ లేదు. వద్దని చెప్పే అవకాశం కూడా ఆ పొద్దుట ఆమెకు లేదు. కథలో అత్త మొత్తంగా మాయమైపోయింది, ఆమె ఉండవలసిన చోటికి తల్లి వచ్చింది, దానికి తోడు మాట వినని కొడుకనే నింద ఆ పిల్లవాడి మీద పడింది.

మీరు తెలిసి చేశారని నేను అనుకోవడం లేదు. ఆ ఇంటి గుమ్మం, ఆ సంచీ, ఆ సుద్దముక్క రాయడానికి చెయ్యి రాక కలం పక్కకు తిరిగి ఉంటుంది. పిల్లల కథల్లో పెద్దల మాట వినని పిల్లవాడికి కష్టం వచ్చే పద్ధతి మనకు బాగా అలవాటైనది కూడా, రాస్తూ పోతుంటే తనంతట తానే వచ్చేస్తుంది. కానీ వదిన గారు ఇప్పటివరకు చూసింది బొమ్మలు మాత్రమే. ఆ వాక్యాన్ని ఆమె అచ్చులో చదివితే మీ ఇద్దరి మధ్య మిగిలి ఉన్నది కూడా పోతుంది. పుస్తకం వచ్చినా రాకపోయినా, ఎవరికి ఇచ్చినా, ఆ వాక్యం తీసేయండి. ప్రచురణకర్త చెప్పిన రెండో ముగింపు, అంటే మాట వినకపోతే ఏమవుతుందో తెలిసేలా రాయమన్నది, ఈ ఒక్క కారణంగానే పనికిరాదు. చనిపోయిన పిల్లవాడిని తప్పుచేసినవాడిగా నిలబెట్టి మిగతా పిల్లలకు పాఠం చెప్పే పుస్తకం మీరు రాయకూడదు.

ఆ సుద్దముక్క గురించి కూడా ఒక మాట. బడిలో పాఠం చెప్పే మేనత్త దగ్గర మేనల్లుడు సుద్దముక్క తీసుకోవడంలో తప్పేమీ లేదు, రాత్రి అత్త ఇంట్లో పడుకోవడంలో అసలే లేదు. వరద నీరు ఎక్కి దిగిన మెట్ల మీద ఒండ్రు పేరుకుని ఉంటుంది, దాని మీద పెద్దవాళ్ళ కాలే నిలవదు. పిల్లవాడు జారినది అందువల్ల. మీ అధ్యాయంలో ఆ ఒండ్రు ఊసే లేదు. కాలు జారిందని రాసి ముందుకు వెళ్ళిపోయారు. ఎందుకు జారిందో రాస్తే లంకల్లో చదివే పిల్లలకు అది నిజంగా ఉపయోగపడుతుంది, నింద వేయవలసిన అవసరమూ ఉండదు. ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఇప్పటికీ నిద్ర పట్టదని రాశారు. ఈ భారం గురించి బయటివారితో మాట్లాడడం మేలనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ప్రచురణకర్త అభ్యంతరం. ఆయన మాటను పూర్తిగా తోసిపుచ్చలేం. మీ మొదటి మూడు పుస్తకాల పాఠకులు ఆరేడేళ్ళ వాళ్ళు. అదే రచయిత్రి పేరు చూసి ఒక తల్లి ఈ పుస్తకాన్నీ ఒకటో తరగతి పిల్లకు కొనిపెడితే అది ఇబ్బందే. ఏ వయసు వాళ్ళకో అట్ట మీదే స్పష్టంగా వేయమని మీరు అడగండి. పరిమాణం, బొమ్మల తీరు కూడా పాత పుస్తకాల కంటే వేరుగా ఉండేలా చూడమనండి. కానీ పది పన్నెండేళ్ళ పిల్లలు చావు గురించి చదవకూడదన్న మాటను నేను ఒప్పుకోను. అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోవడం విననిదే మన ఇళ్ళలో పిల్లలు పెరగరు. మీ లంకల్లో పిల్లలకైతే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది అన్నది ఎక్కాలంత బాగా తెలుసు. 1986 ఆగస్టు వరద సంగతి తాతల నోట వింటూ, 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటిన నీటిని కళ్ళారా చూస్తూ పెరిగిన పిల్లల నుంచి ఏటి ప్రమాదాన్ని దాచిపెట్టే పుస్తకం వాళ్ళకు అబద్ధంగా కనిపిస్తుంది.

రక్షింపబడే కథలన్నీ తప్పని కూడా నేను అనడం లేదు. భోజరాజీయంలో అనంతామాత్యుడు చెప్పిన ఆవు, పులి కథ తెలియని తెలుగు పిల్లలు తక్కువ. అందులో ఆవు బతుకుతుంది. అయితే దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాట కోసం పులి ముందుకు తిరిగి వచ్చాక బతుకుతుంది. ఆ బతకడం ఆవు చేసిన పనిలోంచి పుట్టింది. మీ కథలో సరంగు రావడం మాత్రం ప్రచురణకర్త ఉత్తరంలోంచి పుట్టింది. అతను వచ్చేస్తే ఆ భోజనాల వరుసలో కంచం పెట్టవలసిన పని ఎవరికీ ఉండదు, మీరు రాసిన పుస్తకంలో సగం లేకుండా పోతుంది.

ఇటువంటి పరిస్థితిలో ఇంకొక రచయిత్రి ఏం చేశారో చెప్పడం మీకు ఉపయోగపడుతుందనుకుంటున్నాను. అమెరికన్ బాలల రచయిత్రి కేథరిన్ పేటర్సన్ చిన్న కొడుకు డేవిడ్‌కు ప్రాణస్నేహితురాలైన పిల్ల 1974లో పిడుగుపాటుకు చనిపోయింది. ఆ దుఃఖంలోంచి ఆమె రాసిన 'బ్రిడ్జ్ టు టెరబితియా' 1977లో వచ్చింది, మరుసటి ఏడాది అక్కడ బాలసాహిత్యానికి ఇచ్చే న్యూబరీ పతకం పొందింది. నవలలో పిల్ల చనిపోయేది పిడుగు వల్ల కాదు, వాగులో పడి. పిల్లల వయసు, చోటు, చుట్టూ మనుషులు, అన్నీ మారిపోయాయి. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న పిల్లవాడి మనసు మాత్రం మారలేదు. పుస్తకాన్ని కొడుకు కోసం రాశానని, చదివాక అతను ఆ నేస్తం పేరు కూడా చేర్చమన్నాడని ఆమె అంకితంలోనే రాసుకున్నారు. ఆ నవల మీద అమెరికాలోనూ పిల్లలకు ఇది తగదని అభ్యంతరాలు చాలా వచ్చాయి, అయినా పిల్లలు చదువుతూనే ఉన్నారు.

అయితే దీన్ని మీకు దొరికిన అనుమతిపత్రంగా తీసుకోకండి. ఆమె రాసినది మిగిలిపోయిన పిల్లవాడి బాధ, ఆ పిల్లవాడు ఆమె సొంత కొడుకు. మీ పుస్తకంలోనూ అటువంటి భాగం ఉంది. రెండో సగమంతా మీరు తరగతి గదిలో నిలబడి చూసినది, ఆ కంచం, ఆ ఖాళీ చోటు, హాజరు పిలిచేటప్పుడు తడబాటు, అవి మీవి. మొదటి సగంలో రేవు, ఆ పొద్దుట, ఆ తల్లి ఉన్న భాగం వదిన గారితో పంచుకోవలసినది. "రాసే హక్కు నాకుందా?" అన్న మీ ప్రశ్నకు చట్టం సూటిగా జవాబు చెబుతుంది: రాసినది మీరు గనుక హక్కు మీదే. మీరు అడిగినది మాత్రం చట్టం గురించి కాదని నాకు తెలుసు. నా మటుకు నేను చెప్పగలిగినది, రాయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ మొదటి సగాన్ని అచ్చువేయడానికి మాత్రం ఆమెను అడగాలి అని.

మీ ముందున్న దారులు చూద్దాం. పుస్తకం పూర్తిగా మానేయడం ఒకటి. అది త్యాగంలా కనిపిస్తుంది గానీ, వదిన గారితో ఒక్క మాటా మాట్లాడకుండా మానేస్తే ఆమెకు తెలిసేది బొమ్మలు వేయించారన్నది, తర్వాత ఆపేశారన్నది మాత్రమే. ఆ రాత్రి గురించీ సుద్దముక్క గురించీ మీ మధ్య ఉన్న మౌనం అలాగే ఉంటుంది, దానికి తోడు తన వల్ల పుస్తకం ఆగిపోయిందన్న మాట కూడా ఊళ్ళో ఆమె మీద పడుతుంది. రెండోది, ఆమెకు చెప్పకుండా ఉన్నదున్నట్టు వేయించడం. పుస్తకం పదిమందికి నచ్చవచ్చు, బహుమతి కూడా రావచ్చు. అన్నగారి ఇంటికి మీ రాకపోకలు మాత్రం ఆగిపోతాయి, మేనకోడలు తల్లికీ అత్తకూ మధ్య నలిగిపోతుంది. మూడోది, పేటర్సన్ చేసినట్టు ఆనవాళ్ళు మార్చడం. నీటిమట్టం గుర్తు పెట్టే అలవాటు తీసేసి ఆ పిల్లవాడికి వేరే పని, వేరే కుటుంబం, వేరే ప్రమాదం ఇవ్వడం. దీనికి చాలా తిరగరాయాలి, మొదటి సగం దాదాపు కొత్తగా పుడుతుంది, జనవరికి అవదు. ఆ సుద్దగీతలు పోతే పుస్తకంలో మంచి భాగం కొంత పోతుంది కూడా. అయినా పిల్లల దుఃఖం నిలుస్తుంది, తల్లికి చాటు దొరుకుతుంది. వదిన గారు ఒప్పుకోకపోతే నేను ఈ దారికే మొగ్గు చూపుతాను.

నాలుగోది, ముందుగా ఆమె దగ్గరికి వెళ్ళడం. ఏ దారి పట్టినా ఇది తప్పదని నా అభిప్రాయం. అన్నగారిని మధ్యవర్తిగా పంపకండి, మేనకోడలిని అసలే పంపకండి. బొమ్మ చూపించినందుకే ఆ పిల్ల ఇప్పటికే బాధపడుతూ ఉంటుంది. పండగ నాడు వద్దు, ఇంటి నిండా జనం ఉన్నప్పుడు వద్దు. రాతప్రతి చేత్తో పట్టుకుని కూడా వెళ్ళకండి, దాన్ని చూడగానే మీరు వచ్చింది సంతకం కోసమే అనిపిస్తుంది. ఫొటో సంగతి మొదట చెప్పండి, అడగకుండా పంపినందుకు క్షమించమని, ఇప్పుడు వెనక్కి తీసుకున్నానని చెప్పండి. ఆ తర్వాత, నాకు కుండలీకరణాల్లో రాసిన వాక్యాన్ని ఆమెకు ఆ కుండలీకరణాలు లేకుండా చెప్పండి. పుస్తకం మాట ఆ రోజే ఎత్తవలసిన పని లేదు. ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు, ఇవన్నీ తనకు ఎప్పుడో తెలుసనవచ్చు, లేచి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఏది జరిగినా మీరు సంజాయిషీ మొదలుపెట్టకండి.

తర్వాత ఎప్పుడో పుస్తకం సంగతి వచ్చినప్పుడు, వద్దనే అధికారం ఆమెకు ఉందని ముందుగానే చెప్పండి, ఆ మాటకు కట్టుబడి ఉండండి. చదవమని ఇస్తారా, మీరే చదివి వినిపిస్తారా అన్నది ఆమె ఇష్టం. కంచం ఘట్టం ఆమెకు తెలియకపోవచ్చు. తన కొడుకు కోసం వాడి నేస్తాలు ఎన్నాళ్ళు అన్నం దగ్గర చోటు ఉంచారో ఆ తల్లికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. అది వింటే ఆమె మనసు మారుతుందని నేను చెప్పలేను, మారడం కోసమని వినిపించకండి కూడా. ఆమె ఊరుకుంటే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. ఒప్పుకుని, ఫలానా సంగతి ఉండకూడదంటే అది తీసేయండి. అంకితంలో వాడి పేరు వేయడమా మానడమా అన్నది కూడా ఆమే చెప్పాలి.

ఇదంతా నెలాఖరులోగా అయ్యే పని కాదు. కాబట్టి ప్రచురణకర్తకు ఇప్పుడే రాయండి. కుటుంబ కారణాల వల్ల ఈ జనవరికి పుస్తకం ఇవ్వలేనని, ముగింపులో పిల్లవాడు బతకడానికి గానీ నిందపడడానికి గానీ మీరు సిద్ధంగా లేరని, వయసు స్పష్టంగా వేసే విషయంలో ఆయనతో ఏకీభవిస్తున్నారని చెప్పండి. ఆయన వేచి ఉంటానంటే మంచిదే. లేదంటే 15,000 రూపాయలు తిరిగి పంపించి రసీదు తీసుకోండి. మీరు సంతకం చేయలేదు కాబట్టి హక్కులేమీ ఆయనకు పోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉంటేనే చెల్లుతుంది.

మునుముందు ఎవరితో ఒప్పందం చేసుకున్నా కొన్ని సంగతులు చూసుకోండి. ఎన్నేళ్ళకు ఇస్తున్నారో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి పరిమితం చేస్తుంది. అందువల్లే కొన్ని ఒప్పందాల్లో "శాశ్వతంగా", "ప్రపంచమంతటికీ" అని ప్రత్యేకంగా రాస్తారు. ఆ మాటలు కనిపిస్తే ఆగి అడగండి. రాయల్టీ ఎంతో కాగితం మీద ఉండాలి. మీ గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు, హక్కులు అమ్మేశాక కూడా, 57వ సెక్షను కింద మీకు ఉంటుంది. దాని కోసం కోర్టు మెట్లెక్కే బదులు, రచయిత్రి రాతపూర్వక అంగీకారం లేకుండా కథలో గానీ బొమ్మల్లో గానీ మార్పు చేయరాదన్న వాక్యం ఒప్పందంలోనే రాయించుకోండి. మీ విషయంలో బొమ్మల మాట తప్పకుండా ఉండాలి.

మేనకోడలి సంగతి చివరికి ఉంచాను. అన్న పోయినప్పుడు ఆమె మూడో నాలుగో తరగతిలో ఉండి ఉంటుంది, అంటే మీరు ఏ పిల్లల కోసం ఈ నవల రాశారో దాదాపు ఆ వయసులోనే ఆ సంవత్సరాన్ని దాటింది. రాతప్రతి చదువుతానని ఆమె అడగవచ్చు. తల్లితో మీ మాటలు పూర్తయ్యాక, తల్లికి తెలిసేలా ఇవ్వండి. బాగుందా అని అడగకండి, ఎక్కడ తప్పుగా ఉందో పెన్సిలుతో గీత పెట్టమనండి. ఆమె గీత పెట్టిన చోట్లన్నీ సరిదిద్దే వరకు ప్రచురణకర్తకు కొత్త తేదీ ఏదీ చెప్పకండి.